వాలు దారి మీద సగం మాట

మొన్న, పోయిన మామకు పదహారో రోజు కర్మ చేశారు. నన్ను పిలవలేదు. పిలిచినా వచ్చేవాడు కాదనుకొని పిలవలేదట. వస్తానా రానా అనేది నా సంగతి, పిలవడం వాళ్ళ సంగతి. వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకోలేదు. ఇది మొదటే రాసి పెడుతున్నాను. కింద రాసింది చదివి నేను మెత్తబడ్డానని ఎవరూ అనుకోకూడదు.

మామ నాకు మేనమామ కాడు, పిల్లనిచ్చిన మామా కాడు. ఊరంతా అలా పిలిచేది, నేనూ పిలిచాను. కోయంబత్తూరు నుంచి పళనికి పోయే బండ్ల దారి పక్కన, నల్లరేగడి చేల నడుమ ఆయనకొక బావి ఉండేది. బతికినంతకాలం దాని మీద మోట తోలాడు. ఆయన ఎప్పుడు పుట్టాడో నాకు తెలియదు. ఎంత నేల ఉండేదో తెలుసు గాని దానితో పని లేదు. ఆయన కూత్తుల గురించి ఎలా మాట్లాడేవాడో, ఆ మాటల వల్ల నాకేం జరిగిందో, అంతవరకే రాస్తాను.

కూత్తంటే రాత్రంతా ఆడే వేషాల ఆట. మా ఇళ్ళలో తెలుగు, గడప దాటితే అరవం. మా తాతల తాతల నాటి నుంచీ అంతే. ఏటేటా పత్తి తీత అయ్యాక మధుర వైపు నుంచి ఒక తెలుగు మేళం వచ్చేది. కోసిన చేలో గుంజలు పాతి మూడు రాత్రులు ఆడేవారు. బిడ్డను జోకొట్టడానికి, ఎద్దును అదిలించడానికి, పెళ్ళాంతో గొడవ పడటానికి మేము వాడే మాటలో ఒక రాజు కిరీటం పెట్టుకొని ఆజ్ఞలిచ్చేవాడు. మా అవ్వ మొదటిసారి విన్నప్పుడు లేచి నిలబడి దండం పెట్టిందట.

ఆట అయిపోయాక అసలు ఆట తెల్లవారి మామ బావి దగ్గర మొదలయ్యేది. ఎవరికి ఏ పనున్నా కాసేపు ఆ నీళ్ళ తొట్టి చుట్టూ చేరేవారు. ముగ్గురు నలుగురు రైతులు, ఒక వడ్రంగి, కాలవలో మడవలు తిప్పే చిన్నమ్మ. చిన్నమ్మ మామకు చెల్లెలు. చిన్నతనంలోనే మొగుడు పోతే అన్న దగ్గరే ఉండిపోయింది. రాత్రి చూసిన కథను అందరూ కలిసి దారం దారంగా విప్పేవారు. ఎవడైనా అన్న మాట నచ్చితే మామ దాన్ని తన నోటితో మళ్ళీ అనేవాడు. ఆయన మళ్ళీ అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరిగేది. నాకప్పుడు ఇరవై దాటి ఒకటో రెండో ఉంటాయి. నా మాటను ఒక్కసారైనా ఆయన మళ్ళీ అనాలని నాకు ఆశగా ఉండేది. అందులో దాచుకోవలసిందేమీ లేదు.

ఆయన మాట్లాడే తీరు తెలియాలంటే మా మోట సంగతి తెలియాలి. కొన్ని సీమల్లో ఎద్దులు బావి ముందరి వాలు దిగి, తిరిగి, పక్క దారిన ఎక్కి వస్తాయని విన్నాను. మావైపు ఒకటే దారి. దిగిన దారినే వెనక్కి నడుస్తూ ఎక్కాలి. దిగేటప్పుడు తోలేవాడు తాడు మీద కూర్చుంటాడు, ఆ బరువుకు తోలు బాన నీళ్ళతో పైకి వస్తుంది. అప్పుడు నోటికి పనిలేదు. మిగతావాళ్ళు పాడేవారు, మామ మాట్లాడేవాడు. ఎద్దులు వాలు అడుగుకు చేరేసరికి బాన తొట్టిలోకి ఒలికేది. ఆ హోరులో పక్కవాడి మాట కూడా వినబడదు. ఆ తరవాత ఎద్దుల్ని వెనక్కి నడిపించాలి. వెనక్కి నడిచే ఎద్దు కాలు ఎక్కడ పెడుతుందో చూడకపోతే జత జతే బావిలో పడుతుంది. అందుకని ఎక్కేటప్పుడు మామ నోట ఎద్దుల మాట తప్ప మరో మాట రాదు. పైకి చేరి, బాన మునిగి, తాడు బిగిసి, మళ్ళీ దిగడం మొదలైతేనే మిగతా మాట.

కాబట్టి ఆయన అభిప్రాయం ఏదైనా రెండు బానల్లో వచ్చేది. కొన్ని మూడు బానలు పట్టేవి.

"ఆ మంత్రి వేసినోడు బలే చేసినాడప్పా" అంటూ దిగేవాడు. అందరూ తలలూపేవారు. నీళ్ళు ఒలికేవి. ఎద్దులు వెనక్కి ఎక్కేవి. మళ్ళీ దిగుతూ, "అని వాడి పెండ్లాము కూడా అనదు" అనేవాడు. తల ఊపినవాళ్ళు ఊపిన తలలతో ఉండిపోయేవారు.

అలా తోలీ తోలీ ఆయనకు చదును నేల మీద కూడా అదే అలవాటైంది. పెళ్ళి పందిట్లో నిలబడి మాట్లాడుతున్నా సగం మాట చెప్పి, వెనక్కి చూసుకుంటూ నాలుగడుగులు వేసి, మళ్ళీ ముందుకొచ్చి మిగతాది చెప్పేవాడు. కొత్తవాళ్ళు ఆయన వెళ్ళిపోతున్నాడనుకొని వెళ్ళిరమ్మని చెప్పేవారు.

కూత్తు చూసేటప్పుడు ఆయన ఎదురుగా కూర్చునేవాడు కాదు. ఒక పక్కగా, సగం ఆట కనబడని చోట కూర్చునేవాడు. అక్కడినుంచి జనం ముఖాలు కనబడతాయని. తెల్లవారి ఎవరినీ బాగుందా అని అడిగేవాడు కాదు. "రాత్రి ఏడ కదిలితివి?" అని అడిగేవాడు. ఎక్కడ ఒళ్ళు కదిలింది, ఏ చోట చాప మీద సర్దుకొని కూర్చున్నావు, అది చెప్పాలి. బాగుందనేవాడికి ఆయన దగ్గర విలువ లేదు.

ఇంకొక వింత ఉండేది. ఏటేటా మూడు రాత్రులూ అయ్యాక, ఎవరి వేషం అందరికన్నా గొప్పదని ఆయనకు తోచేదో ఆ వేషం పేరు తన తెల్లెద్దుకు పెట్టేవాడు. ఒక యేడు సేనాపతి. ఒక యేడు దొంగ. ఒక యేడు ఆటంతా గుడ్డ పట్టుకొని నిలబడ్డవాడు చెయ్యి వణకకుండా పట్టాడని ఎద్దుకు తెర అని పేరు పెట్టాడు.

ఆ యేడు మూడో రాత్రి ఆడింది కరువు సీమను ఏలే రాణి కథ. తన సీమకు నీళ్ళు కావాలని పొరుగు రాజును అడుగుతుంది. వాడు ఏరు తిప్పుతానంటాడు, బదులుగా నీ కొడుకు నా కొలువులో ఉండాలంటాడు. ఇస్తుంది. ఏరు వచ్చిన రోజే కొడుకు పోయాడని కబురు వస్తుంది. అక్కడ రాణి ఒక పొడుగాటి పాట పాడాలి. ఆ పాట కోసమే జనం కాచుకొని కూర్చుంటారు.

రాణి వేషం ఒక నడివయసు మగవాడిది. ఆ రాత్రి అతను పాడలేదు. కబురు చెప్పేవాడు చెప్పి తప్పుకున్నాడు. మద్దెల అందుకుంది. అతను నోరు తెరిచాడు, మూశాడు. రొమ్ము బాదుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. నీళ్ళు వచ్చాయని జనానికి చూపించే ఇత్తడి చెంబు చేతిలో ఉంది. దాన్ని కింద పెట్టడానికి చోటు వెతికాడు. ఇటు వంగాడు, అటు వంగాడు. ఎక్కడ పెట్టినా ఒలికిపోతుందన్నట్టు మళ్ళీ ఎత్తుకున్నాడు. జనం ఈలలు వేశారు. మద్దెల రెండోసారి అందుకుంది. చివరికి తెర అడ్డం పట్టేశారు.

తెల్లవారి బావి దగ్గర వడ్రంగి మొదలుపెట్టాడు. అతను అరవంవాడు, మాతో తెలుగు కలిపి మాట్లాడేవాడు.

"పాట్టు మరిచిపోయినోడికి రాణి వేసమా? మా ఇంటి పిల్లికి చీర కట్టుంటే అదైనా అరిచుండును."

"ఆమా, దండగ రాత్రి" అన్నారు మిగతావాళ్ళు.

మామ వాలు దిగుతూ అడిగాడు. "అల్లుడూ, నువ్వేడ కదిలితివి?"

నీళ్ళు ఒలికి, ఎద్దులు ఎక్కి వచ్చేదాకా ఆలోచించుకున్నాను. ఆయన పైకి చేరగానే చెప్పాను. "ఆడనే మామా. చెంబు పెట్టేదానికి తావు లేక నిలబడె చూడు, ఆడ. పాట పాడుంటే నాకు కదలదు."

వడ్రంగి తొడ కొట్టుకున్నాడు. "కేళప్పా, ఇనండప్పా, ఈయనకు చెంబు బాగుండిందంట! వచ్చే యేడు చెంబునే ఆడమందాం. చెంబుకు పరిసు ఇద్దాం, బహుమానం!"

బాన మునిగింది. తాడు బిగిసింది. మామ తాడు మీద కూర్చుంటూ నా వైపు చూశాడు. "నువ్వు చూసింది కూత్తు కాదప్పా" అన్నాడు. ఎద్దులు దిగిపోయాయి.

అందరూ నవ్వారు. కాలవలో నిలబడ్డ చిన్నమ్మ కూడా నవ్వింది. నీళ్ళు తొట్టిలోకి దూకాయి. నేను తువ్వాలు దులిపి భుజాన వేసుకొని గట్టు దాటాను. ఎద్దులు వెనక్కి ఎక్కుతున్నాయి. నేను మా చేలోకి వచ్చాక వెనక ఏదో కేక వినబడింది. ఎద్దులకనుకున్నాను.

ఆయన మాట రెండు బానల్లో వస్తుందని నాకు తెలియదా అంటే తెలుసు. కాని నవ్వు మొదటి బానకే వచ్చింది.

మూడో రోజుకు ఆయన తెల్లెద్దుకు రాణి అని పేరు పెట్టాడు. మా చేను ఆయన చేనుకు ఆనుకొనే ఉంటుంది. పొద్దున లేచింది మొదలు, "హే రాణీ, వెనక్కి! వెనక్కి రా రాణీ!" అని వినబడేది. దారిన పోయేవాళ్ళు నిలబడి నవ్వేవారు. మగ ఎద్దుకు ఆడపేరు పెట్టి నన్ను రోజూ ఎగతాళి చేస్తున్నాడని నేను తాలూకా కచేరికి అర్జీ రాసుకున్నాను. కుంఫిణీవారి రోజులవి. తెలుగు అక్షరం రాయగలవాడు ఊళ్ళో నేనొక్కణ్ణే, అందుకని తెలుగులోనే రాశాను. దాన్ని చదివేవాడు కచేరిలో లేడట. జవాబు రాలేదు. ఇంకొకటి రాశాను. దానికీ రాలేదు. ఇంకో యేడు మేళం వచ్చింది, కొత్త ఆటలు ఆడింది, ఎద్దు పేరు మాత్రం మారలేదు. ఆ ఎద్దు ముసలిదై చచ్చేదాకా రాణిగానే ఉంది.

ఆ వడ్రంగి చేత నేను మళ్ళీ నాగలి చేయించుకోలేదు. పక్క ఊరికి మోసుకుపోయి చేయించుకున్నాను.

మా బావి దగ్గర నేనూ ఒక కూటం పెట్టాను. ఇద్దరు బావమరదులు, ఒక పాలేరు. అవతలి బావి దగ్గర ఏది బాగుందన్నారని తెలిస్తే మేము దాన్ని బాగా లేదనేవాళ్ళం. వాళ్ళకు నచ్చనిదాన్ని మేము మెచ్చుకొనేవాళ్ళం. ఇది రాయడానికి నాకు బాధగానే ఉంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగిన ఆటల్ని తెల్లవారి లేచి తీసిపారేశాను. ఒకసారి ఒక ముసలి వేషగాడు ఏమీ మాట్లాడకుండా చెప్పులు విడిచి పెట్టిన తీరుకు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అక్కడ చెప్పవలసిన మాట అది. ఇక్కడ మా పాలేరుకు చెబితే ఏం లాభం?

చిన్నమ్మ మాత్రం నీళ్ళు మా గట్టు దాకా వచ్చినప్పుడల్లా పార మీద చేతులానించి అడిగేది. "ఏమప్పా, రాత్రి ఏడ కదిలితివి?"

"ఏడా కదల్లా."

"సరి" అని పోయేది. మామే అడిగించేవాడని తెలుసు. దొంగచాటుగా ఆరా తీయిస్తున్నాడనుకున్నాను.

కుంఫిణీ పోయి ఇంగిలీసు రాణిగారి పాలన వచ్చాక, మా ఇద్దరికీ తల నెరిశాక, ఒకసారి పళనికి నడిచిపోతూ చలివేంద్రం దగ్గర ఎదురుపడ్డాం. ఇద్దరి భుజాల మీదా కావడులున్నాయి. మజ్జిగ తాగి ముంత ఇవ్వబోతే పక్కన ఆయనే ఉన్నాడు.

"అల్లుడూ, ఆ పొద్దు నేను నిన్ను..." అన్నాడు.

అని, వెనక్కి చూసుకుంటూ నాలుగడుగులు వేశాడు. ముఖం తిప్పుకుంటున్నాడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అనుకోవాలని నేనే అనుకున్నాను. ఆయన తిరిగి ముందుకు వచ్చేలోపు కావడి సర్దుకొని జనంలో కలిసిపోయాను. తరవాత ఆయనతో మాట్లాడింది లేదు. ఈ మధ్యనే పోయాడు.

పదహారో రోజు అయిన మర్నాడు చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. నడుము వంగిపోయింది. అరుగు మీద కూర్చొని ఊపిరి తీసుకుంది.

"మేళము వచ్చుండాది. మూడో రాత్రికి ఏ కథ కావాలని అడుగుతుండారు. ఇన్నాళ్ళు అన్న చెప్పే. ఇప్పుడు ఒకడు ఇదంటాడు, ఒకడు అదంటాడు. నువ్వు చెప్పు."

"నన్నడిగేదేమి? నేను చూసేది కూత్తు కాదు గదా."

"ఏంది?"

"మీ అన్న అన్నదే. తొట్టి దగ్గర. నువ్వూ నవ్వితివి."

చిన్నమ్మ నా ముఖంలోకి చూసింది. ఆమెకు గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది.

"చెంబు పొద్దా?"

"ఆమా."

"నువ్వు రెండో బాన ఇనలా?"

నేను అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"అయ్యో, ఇన్నేండ్లు నువ్వు సగముతోనే ఉంటివా?" అంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. అన్న గొంతు తెచ్చుకొని, వాలు దిగే ఎద్దుల నడకలో చెప్పింది. "నువ్వు చూసింది కూత్తు కాదప్పా. వాడు నిజముగా ఏడిస్తే నువ్వొక్కడివే కనుక్కుంటివి. మేమంతా పాట కోసరము కూచుంటిమి."

ఆ రాణి వేషగాడి కొడుకు జ్వరంతో పోయాడని ఆ సాయంత్రమే కబురు వచ్చిందట. వేషం కట్టాక చెప్పారట. తెల్లవారుజామున మేళంవాళ్ళకు మజ్జిగ ఇవ్వడానికి పోయినప్పుడు మామకు తెలిసిందట.

"అన్నకు ఒకరు చెప్తే తెలిసె. నీకు చూస్తే తెలిసె. అదే అన్న అన్నది. నువ్వు గట్టు దాటి పోతుంటివి. అల్లుడూ అని కేకేసె."

ఆ కేక నేను విన్నాను. ఎద్దులకనుకున్నానని ముందే రాశాను.

"మరి ఆ ఎద్దు పేరు?" అన్నాను.

"ఎద్దుకు ఎవరి పేరు పెట్టేది? ఆ యేడు బాగా ఆడినోడిది. ఎవరు బాగా ఆడినారని నువ్వు చెప్తివి? చెంబోడని. నీ మాటే గదా పెట్టినాడు. బానకొకసారి ఊరంతా ఇనేటట్టు కేకేసె. నీకు ఇనబళ్ళా?"

వినబడింది. ఆ ఎద్దు చచ్చేదాకా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినబడింది. దాని మీద రెండు అర్జీలు రాశాను.

"అట్లయితే ఇంటికొచ్చి చెప్పొచ్చు గదా, చిన్నమ్మా?"

"వచ్చేదానికి తువ్వాలు వేసుకొని బయల్దేరె. అప్పుడే వడ్రంగి వచ్చి, నువ్వు కచేరికి పోయుండావు, ఎద్దు మీద అర్జీ ఇచ్చుండావు అనె. అన్న తువ్వాలు తీసి కొక్కేనికి తగిలించె. ఎద్దు పేరుకు అర్జీ రాసినోడికి నేనేం చెప్పేది అనె."

ఇది విన్నాక కూడా నా ఫిర్యాదు ఒకటి మిగిలే ఉంది. ఆ పొద్దు ఎద్దుల్ని అడుగునే నిలిపి, వెనక్కి తిరిగి మిగతా మాట చెప్పి ఉండవచ్చు. ఒక్క బాన నీళ్ళు ఆలస్యమైతే జొన్న ఎండిపోదు. పళని దారిలో కూడా ఆ నాలుగడుగులు వేయకుండా ఉండవలసింది. మాట చెప్పేవాడు మొత్తం ఒక్కసారే చెప్పాలి. ఇది ఆయన బతికుండగా ఆయన ముఖం మీదే చెప్పవలసిన మాట. అందుకు ఆయన ఒక సగం జవాబు ఇచ్చేవాడు. రెండో సగానికి నేను ఉండేవాణ్ణో లేదో.

మూడో రాత్రికి కరువు రాణి కథే ఆడమని చెప్పించాను. ఎదురుగా కూర్చోలేదు. పక్కన, సగం ఆట కనబడని చోట చాప వేసుకున్నాను. రాణి వేషం ఇప్పుడొక కుర్రవాడిది. పాట మొదటి నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా పాడాడు. జనం మళ్ళీ పాడించుకున్నారు. చెంబును అడుగడుక్కూ కళ్ళకద్దుకొని చివరికి చక్కగా కింద పెట్టాడు.

తెల్లవారి లేచి తువ్వాలు వేసుకొని గట్టు దాటాను. తొట్టి దగ్గర వడ్రంగి ఉన్నాడు, పళ్ళన్నీ పోయాయి. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. ఆ ఒక్కందుకు నేను పాత సంగతి మరిచిపోయానని అతను అనుకొని ఉంటే పొరపాటు. చిన్నమ్మ కాలవ గట్టున కూర్చొని ఉంది. మోట మీద మామ కొడుకు ఉన్నాడు.

"బావా, రాత్రి ఏడ కదిలితివి?" అన్నాడు. తండ్రి అడిగినట్టే, దిగుతూ అడిగాడు.

నీళ్ళు ఒలికి ఎద్దులు పైకి వచ్చేదాకా ఆగాను. "పాట బాగుండింది. నాకేడా కదల్లా. చెంబు కింద పెట్టేసినాడు" అన్నాను.

చుట్టూ ఉన్న కుర్రవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. బాన మునిగింది. తాడు బిగిసింది.

"బావకు ముసలితనము వచ్చేసె" అంటూ మామ కొడుకు దిగిపోయాడు.

అందరూ నవ్వారు. వడ్రంగి అందరికన్నా గట్టిగా నవ్వాడు. నా చెయ్యి దానంతటదే తువ్వాలు మీదికి పోయింది. నీళ్ళు దూకాయి. హోరు తగ్గింది. ఎద్దులు ఒక్కొక్క కాలే వెనక్కి వేస్తూ ఎక్కుతున్నాయి. మామ కొడుకు నా వైపు చూడలేదు, ఎద్దుల కాళ్ళే చూస్తున్నాడు. చూడకపోతే జత బావిలో పడుతుంది. చిన్నమ్మ నన్ను చూస్తోంది.

పైకి వచ్చాయి. బాన మునిగింది. వాడు తాడు మీద కూర్చున్నాడు. ఎద్దులు దిగడం మొదలుపెట్టాయి.

"చెవులు కూడా పోయుండాయి" అన్నాడు.

మళ్ళీ నవ్వారు. ఆ మాట, అన్నవాడు, నవ్వినవాళ్ళు, అందరినీ గుర్తు పెట్టుకున్నాను. నీళ్ళు ఒలికాయి. ఎద్దులు వెనక్కి ఎక్కసాగాయి.

కొన్ని మూడు బానలు పట్టేవని ముందే చెప్పాను. తువ్వాలు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.